మీటరు ఎవరి పేరున ఉంది?

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు ప్రధాని మోదీ దాన్ని పొదుపు పండుగగా ప్రకటించారు. మన రాష్ట్ర ప్రభుత్వం 'సూపర్ జీఎస్టీ, సూపర్ సేవింగ్స్' అని పేరు పెట్టి ఊరూరా ప్రచారం చేసింది. అక్టోబరు 16న కర్నూలుకు ప్రధానిని పిలిచి పెద్ద సభ కూడా పెట్టింది. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె 18 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. ఏసీలు, పెద్ద టీవీలు, చిన్న కార్లు 28 నుంచి 18కి దిగాయి. పన్ను తగ్గితే బాధపడేవాళ్లు ఎవరూ ఉండరు. అయితే ఆ ప్రచారం ఒక కుటుంబాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడింది. నెలాఖరున ఎంతోకొంత మిగుల్చుకోగల కుటుంబం అది. ఏది ఈ నెల కొనాలో, ఏది వచ్చే నెలకు వాయిదా వేయాలో తేల్చుకోగల కుటుంబం. దాన్ని పక్కన పెట్టి, విజయవాడ పటమటలో ఏదో ఒక మేడ వెనక పోర్షన్లో అద్దెకుంటున్న మాల లేదా మాదిగ కుటుంబం నెల ఖర్చు తీసి చూద్దాం.

ఆ ఇంటి అద్దెకు జీఎస్టీ లేదు. కరెంటు బిల్లుకు లేదు. బడి ఫీజుకు లేదు. వారం వారం కట్టే అప్పు వడ్డీకి లేదు. విడిగా తూయించుకునే బియ్యానికి, కూరగాయలకు, గుడ్లకు, కోడిమాంసానికి ముందు నుంచీ లేదు. ఇంట్లో మగవాళ్లు తాగే మందు జీఎస్టీ పరిధిలోనే లేదు, బండిలో పోసే పెట్రోలూ అంతే. వచ్చిన జీతంలో సింహభాగం ఇక్కడే ఖర్చవుతుంది. పన్నే లేని చోట పన్ను తగ్గించడం కుదరదు కదా! ఇక షాంపూ. ఈ ఇళ్లలోకి షాంపూ సీసాలో రాదు, రూపాయి రెండు రూపాయల ప్యాకెట్‌లో వస్తుంది. రూపాయి మీద తగ్గిన పన్నును తిరిగి ఇవ్వడానికి చిల్లర ఎక్కడుంది? ధర తగ్గించడం కుదరదు, ప్యాకెట్‌లో సరుకు కాస్త పెంచుతామని కంపెనీలు చెప్పాయి. అంటే మన ఆదా ఒక బొట్టు షాంపూ.

బియ్యం సంగతి ఇంకా విడ్డూరం. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం పన్ను పడుతోంది. అంతకు మించితే లేదు. వెంటనే మార్కెట్లోకి 26 కిలోల బస్తా వచ్చేసింది. ఒక్క కిలో ఎక్కువ కట్టి పన్నును మొత్తంగా దాటేశారు. మరి 26 కిలోల బస్తాను ఒక్కసారి ఎవరు కొనగలరు? ఒకేసారి అంత డబ్బు తీయగలిగినవాళ్లు. వారం కూలీ మీద బతికే ఇల్లు 5 కిలోల ప్యాకెట్ కొంటే పన్ను కట్టాలి. విడి బియ్యం కొందామంటే పన్ను ఉండదు గానీ, అరువు ఖాతా ఉన్న కొట్టు వాడు చెప్పిన రేటే రేటు. రేషన్ బియ్యం మనిషికి 5 కిలోలు ఉచితంగా వస్తాయి, నిజమే. కాయకష్టం చేసే మనిషికి అవి సగం నెలకైనా రావని బియ్యం వండుకుని తినే ఎవరికైనా తెలుసు.

ఈ చిన్న లెక్కలో పెద్ద విషయం ఒకటుంది. పేదవాళ్లకు పొదుపు చేయడం రాదు, నేర్పితే బాగుపడతారు అన్న మాట ప్రభుత్వం నుంచి బ్యాంకు వరకు, యూట్యూబ్ ఛానెల్ నుంచి చర్చి పెద్దల వరకు అందరూ అంటూనే ఉన్నారు. నగరంలో అద్దెకుండే దళిత కుటుంబాల దగ్గర పొదుపు లోటేమీ లేదు, అది ఎప్పుడో అడుగంటిపోయింది. ఇంకా గీకడానికి అక్కడేమీ లేదు. మిగిలిందల్లా ఒకే వస్తువుకు మనం ఇతరుల కంటే ఎక్కువ ధర కడుతున్న సంగతి. ఆ అదనపు ధర ఎక్కడ పడుతోందో పట్టుకోవాలి.

దళితుడి పొదుపుకు ఈ దేశంలో ఒక పాత చరిత్ర ఉంది. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో జైపూర్ సంస్థానంలోని చక్వారా ఊరి ఘటన చెబుతారు. తీర్థయాత్రకు వెళ్లి వచ్చిన ఒక అంటరాని కులస్థుడు తన వాళ్లకు నెయ్యి వేసిన వంటకాలతో విందు పెట్టాడు. అంటరానివాళ్లు నెయ్యి తినడమేమిటని కర్రలు పట్టుకుని వచ్చి విందును చెడగొట్టారు, తింటున్నవాళ్లను కొట్టారు. నెయ్యి కొన్న డబ్బు అతనిదే, అతను ఎవరి దగ్గరా అడుక్కోలేదు. అదే పుస్తకంలో, లోహపు బిందెల్లో నీళ్లు తెచ్చుకున్నందుకు గుజరాత్‌లో దెబ్బలు తిన్న ఆడవాళ్ల సంగతీ ఉంది. పొదుపుగా ఉండటం ఒక సుగుణమని మిగతావాళ్లకు బోధించిన సమాజం, దళితులకు మాత్రం దాన్ని శాసనంగా విధించింది. మన డెల్టాలోనే, 1991లో చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న సాకుతో. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. సినిమా టికెట్ ఇంటి బడ్జెట్‌లో దుబారా పద్దు కిందకు రావచ్చు. ఆ టికెట్ కొని ఎవరి పక్కన కూర్చున్నాడన్నది మాత్రం డబ్బు లెక్క కాదు. అందుకే క్రిస్మస్‌కు కొత్త బట్టలు ఎందుకు, వాయిదాల మీద ఫోను ఎందుకు అని మన పిల్లల్ని నిలదీసేవాళ్లు ఈ సంగతులు ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

తెలుగులో 'పొదుపు' అనే మాట ప్రభుత్వ పథకంగా మారిన తీరు కూడా గమనించాల్సిందే. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992 నాటికి రాష్ట్రమంతా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలిచింది దళిత, వెనుకబడిన కులాల కూలీ మహిళలు. వాళ్లు అడిగింది ఒకటే. మా ఇంటి కూలీని ప్రభుత్వం సారా పాట ద్వారా లాగేసుకోవడం ఆపాలి. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ ఉద్యమం వేడి చల్లారకముందే నెల్లూరులో రోజుకో రూపాయి పొదుపు మొదలైంది, తర్వాత డ్వాక్రాగా రాష్ట్రమంతా పాకింది. ఆ సంఘాల వల్ల మన ఆడవాళ్లు బ్యాంకు గడప తొక్కారు, అది చిన్న విషయం కాదు. కానీ జరిగిన మార్పిడి చూడండి. మా ఇంట్లోంచి డబ్బు లాగకండి అన్నవాళ్లకు, మీ ఇంట్లో డబ్బు ఎలా దాచుకోవాలో నేర్పుతాం అని జవాబు వచ్చింది. 2024 అక్టోబరు మద్యం విధానంలో 99 రూపాయలకే క్వార్టర్ సీసా పెట్టి, అదీ పేదవాడికి ఆదా కిందే చెప్పారు. పొదుపు సంఘం సమావేశానికి వెళ్లి వచ్చే దారిలోనే ఆ దుకాణం ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పరిశోధన పని మీద అద్దె ఇళ్ల ఖర్చులు రాసుకుంటున్నప్పుడు నన్ను ఎక్కువగా ఆపింది కరెంటు పద్దు. ఎస్సీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ అని 2019 నుంచి వింటున్నాం. దళిత ఇంటికి కరెంటు ఫ్రీ అని పక్కింటివాళ్లు ఎత్తిపొడవడం కూడా వింటున్నాం. ఆ రాయితీ కావాలంటే ఇల్లు ఎస్సీ కాలనీలోనో దళితవాడలోనో ఉండాలి. కనెక్షన్ ఆ కుటుంబం పేరున ఉండాలి. కుల ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. పటమటలో మేడ వెనక పోర్షన్‌కు ఈ మూడింటిలో మూడోది మాత్రమే ఉంటుంది. మీటరు ఓనరు పేరున ఉంటుంది. చిరునామా ఓనరు వీధిలో ఉంటుంది. కులం మాత్రం కాలనీ దాటి మనతోపాటే అద్దె ఇంటికి వస్తుంది. ఇల్లు అడిగినప్పుడు, 'మీరేవుట్లు?' అని అటుతిప్పి ఇటుతిప్పి అడిగినప్పుడు అది అక్కడ ఉంటుంది. రాయితీ మాత్రం కాలనీ దగ్గరే ఆగిపోతుంది.

దీని ధర ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక మేడలో మూడు కుటుంబాలు, ఒక్కో కుటుంబం నెలకు 90 యూనిట్లు వాడుతుందని అనుకుందాం. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ, ఒక చిన్న ఫ్రిజ్‌కు ఆ మాత్రం కాలుతుంది. 2022లో సవరించిన గృహ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6, ఆపైన 400 దాకా 8.75. సొంత మీటరుంటే 90 యూనిట్లకు 259.50 రూపాయలు అవుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాట్లు ఇందులో కలపలేదు. మూడు కుటుంబాలూ ఒకే మీటరు మీద ఉంటే మొత్తం 270 యూనిట్లు అవుతాయి, బిల్లు 1,410.75కు ఎగబాకుతుంది, తలా 470.25 పడుతుంది. ఎవరూ ఒక్క యూనిట్ కూడా ఎక్కువ వాడలేదు. ముగ్గురినీ ఒక మీటరు కింద కట్టేయడం వల్లే శ్లాబు మారింది. ఇదీ ఓనరు నిజాయితీగా బిల్లును మూడు వాటాలు వేస్తేనే. చాలా చోట్ల సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 8, 9, 10 రూపాయలు గీస్తారు. 9 అనుకుంటే 810. మోటారు కరెంటు వాటా దీనికి అదనం.

అదే 90 యూనిట్లు. కాలనీలో సొంత మీటరున్న దళిత కుటుంబానికి సున్నా, సొంత మీటరున్న ఎవరికైనా 259.50, పోర్షన్లో ఉన్న దళిత కుటుంబానికి 810. ఏడాదికి 9,720 రూపాయలు. 'తల్లికి వందనం' కింద ఒక బిడ్డకు తల్లి ఖాతాలో పడే 13,000లో దాదాపు ముప్పాతిక వంతు ఇక్కడే హరించుకుపోతుంది. ఇంత కట్టే ఇల్లాలికి 'వాడనప్పుడు స్విచ్ ఆపండి' అని పొదుపు చిట్కా చెప్పడం వెటకారమే అవుతుంది. ఆమె ఎప్పుడూ ఆపుతూనే ఉంది. పిల్లవాడు చదువుకుంటుంటే పక్క గదిలో చీకట్లో కూర్చునేది ఆమే.

సర్దుబాటు ఛార్జీల కథ మరొకటి. 2022-23 ఏడాదికి 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు వినియోగదారుల నుంచి రాబట్టుకోవడానికి 2024 చివర్లో అనుమతి వచ్చింది. గతంలో ఆ కనెక్షన్ మీద కాలిన యూనిట్లను బట్టి ఇప్పుడు వసూలు. అద్దె ఇంట్లో దీని అర్థం తెలుసా? రెండేళ్ల కిందట ఆ పోర్షన్లో ఎవరో ఉండి వాడిన కరెంటుకు, నిన్నగాక మొన్న దిగిన కుటుంబం యూనిట్‌కు రూపాయి ఎక్కువ కడుతుంది. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసల తగ్గింపు వచ్చింది. పెరిగినప్పుడు పెరిగిన సబ్‌మీటరు రేటు, ఆ 13 పైసలకు తగ్గిన పోర్షన్ ఒక్కటి కూడా నా కంట పడలేదు.

మీటరు ఇంకో దారిలోనూ దెబ్బ కొడుతుంది. సంక్షేమ పథకాల అర్హతకు నెలకు సగటున 300 యూనిట్ల గీత ఉంది. అది దాటితే ఆ ఇల్లు కలిగిన ఇల్లు. తమది కాని మీటరు తమ ఆధార్‌కు ముడిపడి పథకం ఆగిపోయిందని సచివాలయాల చుట్టూ తిరిగే అద్దెదారులు మనకు కొత్త కాదు. మీటరు పేరు మీద లేనందుకు రాయితీ రాదు, మీటరు పేరు మీద ఉందని కంప్యూటరు అన్నందుకు పథకం రాదు. ఇప్పుడు పీఎం సూర్యఘర్ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ల కప్పుల మీద 2 కిలోవాట్ల సోలార్ పలకలు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం అంటోంది. మంచి పథకమే, సొంత కప్పు ఉన్నవాళ్లకు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కొన్ని మేళ్లు మనిషిని అంటిపెట్టుకుని ఉంటాయి, కొన్ని ఇంటిని అంటిపెట్టుకుని ఉంటాయి. 2025 ఆగస్టు 15న మొదలైన మహిళల ఉచిత బస్సు మనిషిది. కానూరు నుంచో పోరంకి నుంచో పటమట ఇళ్లలో పనికి వచ్చే అమ్మ ఆధార్ చూపించి ఎక్కుతుంది, ఛార్జీ డబ్బులు ఆ రోజే ఆమె కొంగులో ఉంటాయి. అన్న క్యాంటీన్లో 5 రూపాయల భోజనం కూడా ఏ పత్రమూ అడగదు. కరెంటు రాయితీ, సోలార్, వరద సాయం ఇంటివి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించారు. నీళ్లలో నానిన సామాను అద్దెదారుది అయినా, ఆ ఇంట్లో తాను ఉన్నట్టు రుజువు చూపించాల్సిన పాట్లు కూడా అద్దెదారువే. దళితుల కోసం తెచ్చిన పథకాలు కూడా దళితుడంటే వాడలో స్థిరంగా ఉండేవాడే అనుకుంటున్నాయి. చదువుకుని, పని వెతుక్కుని వాడ వదిలి వచ్చిన తరం ఆ ఊహలో లేదు.

సొంత ఇల్లు కట్టుకోవచ్చు కదా అంటారా? 2023 మే 26న అమరావతిలో ఆర్-5 జోన్ పేరుతో ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల పేదలకు 50 వేలకు పైగా సెంటు స్థలాల పట్టాలు ఇచ్చారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం మీద స్టే ఇచ్చింది. రాజధాని భూముల వివాదం ఎవరి వాదన వాళ్లది, దాని జోలికి ఇక్కడ వెళ్లను. పట్టా కాగితం బీరువాలో ఉంది, కుటుంబం మళ్లీ అద్దె పోర్షన్లోనే ఉంది. అంతవరకే నా లెక్కకు కావాలి.

అద్దె ఇల్లు దొరకడమే ఒక ఖర్చు. 'ఓన్లీ వెజిటేరియన్స్' అని రాసిన టు-లెట్ బోర్డు పటమటలో చూడనివాళ్లు ఉండరు. కులం పేరు రాయకుండా కులాన్ని వడకట్టే బోర్డు అది. ఢిల్లీ ప్రాంతంలో సుఖదేవ్ థోరాట్ బృందం చేసి 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ప్రచురించిన అధ్యయనం, దళితులు, ముస్లింలు ఇల్లు అడిగినప్పుడు ఎలా తిప్పి పంపుతారో, ఇచ్చినా ఎలా షరతులు పెడతారో చూపించింది. మన దగ్గర ఆ షరతు వంటింట్లోకి కూడా వస్తుంది. పెద్దకూర, బోటి, ఎండు మెత్తళ్లు, ఎండు రొయ్యలు, కోడి కందనకాయలు. ఇవి మన ఇళ్లలో తక్కువ డబ్బుతో పిల్లలకు బలం పెట్టిన తిండి. గుప్పెడు ఎండు రొయ్యలు నాలుగు వంకాయల్లో వేసి ఆరుగురికి కూర సర్దడం ఏ బడ్జెట్ కోర్సులోనూ చెప్పరు, మన అమ్మలకు చేతికి వచ్చిన విద్య అది. ఓనరమ్మ ముక్కు మూసుకుని కిటికీ వేస్తుందన్న భయంతో ఆ వంట ఆగిపోతే, దాని చోట కొనాల్సింది అంతకంటే ఖరీదైన కోడి. లేకపోతే ఉత్త చారు. పటమట రైతుబజారులో పొద్దుగూకాక, కట్టేసే వేళకు వెళ్తే వడిలిన టమాటాలు కుప్పగా బేరమాడే ఆడవాళ్లు కనిపిస్తారు. బడ్జెట్‌లో కోత ఎక్కడ పడుతుందో తెలుసుకోవాలంటే ఆ సంచుల్లోకి చూడాలి. అద్దె తగ్గించలేరు, కరెంటు రేటు తగ్గించలేరు, వాయిదా ఆపలేరు. తగ్గించగలిగింది తన కంచం ఒక్కటే.

వాయిదాల మాట వచ్చింది కాబట్టి యూట్యూబ్‌లో తిరిగే 50-30-20 సూత్రం గురించి. ఆదాయంలో 50 శాతం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకు. దీన్ని జనంలోకి తెచ్చింది అమెరికాలో దివాలా చట్టం చదువుకున్న ఎలిజబెత్ వారెన్, 2005లో తన కూతురితో కలిసి రాసిన పుస్తకంలో. అంతకు రెండేళ్ల ముందు ఆమె వాదించింది ఏమిటంటే, అక్కడి మధ్యతరగతి కుటుంబాలు కూలిపోతోంది దుబారా వల్ల కాదు, ఇల్లు, వైద్యం, చదువు ఖర్చులు తప్పించుకోలేనివి కావడం వల్ల అని. మన పొదుపు గురువులు ఆమె అంకెలు తెచ్చుకున్నారు, వాదన సముద్రంలో వదిలేశారు. మన దగ్గర పేదల ఇంటికి వర్తించే అసలైన 50 శాతం వేరే ఉంది. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మైక్రోఫైనాన్స్ మార్గదర్శకాల ప్రకారం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం అప్పుల వాయిదాలు నెల ఆదాయంలో 50 శాతం దాటకూడదు. రక్షణగా గీసిన గీతే ఇది. కానీ సగం ఆదాయం వాయిదాలకు పోవడం నియమాల ప్రకారం సబబే అని కూడా అదే చెబుతోంది. మిగిలిన సగంలో అద్దె, కరెంటు, బియ్యం, గ్యాస్, బడి. ఎవరైనా ఇందులో 20 శాతం పొదుపు వెతికి చూపించండి.

2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ ఆత్మహత్యల తర్వాత ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆర్డినెన్స్ దేశానికే ఉదాహరణ అయ్యింది. 2022లో కేరళ, గుజరాత్ కేసుల్లో రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు చెప్పాక ఆ రక్షణ పలచబడింది. అధికారిక అప్పు దొరకనివాళ్లకు మిగిలేది డైలీ ఫైనాన్స్. విజయవాడకు కాల్‌మనీ అంటే ఏమిటో 2015 డిసెంబరులో తెలిసివచ్చింది. అప్పు తీర్చలేని ఆడవాళ్లను లైంగికంగా వేధించారన్న ఆరోపణలతో అప్పుడు అరెస్టులు జరిగాయి.

ఉచిత గ్యాస్ సిలిండర్లు కూడా ఈ నగదు కటకటలోనే చిక్కుకుంటాయి. 2024 దీపావళికి మొదలైన దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. 850 రూపాయలకు పైనే ఒక్కసారి తీయాలంటే కూలీ ఇంట్లో అది రెండు రోజుల పని. తిరిగి వచ్చిన డబ్బు ఖాతాలో పడగానే ఏదో వాయిదా కింద కోసుకుపోతే, సబ్సిడీ వచ్చినట్టు మెసేజ్ మాత్రం ఫోనులో ఉంటుంది.

ఈ కోతలన్నీ కలిసి ఎక్కడ తేలతాయో జాతీయ గణాంకాలు చూపిస్తాయి. 2022-23 కుటుంబ వినియోగ వ్యయ సర్వేలో దేశంలో పట్టణాల్లో మనిషికి నెల ఖర్చు సగటున 6,459 రూపాయలు. ఈ మూడు వర్గాలకూ చెందని 'ఇతరుల'కు 7,333, ఓబీసీలకు 6,177, ఆదివాసీలకు 5,414, దళితులకు 5,307. పల్లెల్లో అందరికంటే కింద ఆదివాసీలు ఉంటే, పట్టణాల్లో అందరికంటే కింద ఉన్నది దళితులు. పైగా ఇది ఆదాయం కాదు, ఖర్చు. అప్పు తెచ్చి పెట్టిందీ ఇందులోకే వస్తుంది. కట్టిన అద్దె ఖర్చులోకి ఎక్కుతుంది, సొంత ఇంట్లో ఉండేవాడు అద్దె కట్టకుండా పొందే సుఖం ఎక్కదు. ఆ 2,026 రూపాయల తేడా కాగితం మీది తేడా. కంచంలో తేడా అంతకంటే ఎక్కువ.

అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. వాటికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం కరెంటు కనెక్షన్ అడిగే హక్కు ఇంటి యజమానికే కాదు, అందులో ఉంటున్నవారికీ ఉంది. 2022 మేలో దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో సుప్రీంకోర్టు, కరెంటు కనీస సదుపాయమని, యజమాని ఎన్ఓసీ ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు నిరాకరించకూడదని చెప్పింది. లైసెన్సు లేకుండా యూనిట్‌కింత అని లాభానికి కరెంటు అమ్ముకునే అధికారం ఆ చట్టం ఎవరికీ ఇవ్వలేదు. ఢిల్లీ ప్రభుత్వం 2019 సెప్టెంబరులో అద్దెదారుల కోసం ఒక పథకం తెచ్చింది. అద్దె ఒప్పందమో రసీదో చూపించి, 3,000 రూపాయల డిపాజిట్ కట్టి, యజమాని అనుమతి లేకుండానే ప్రీపెయిడ్ మీటరు పెట్టించుకుని అక్కడి కరెంటు సబ్సిడీ పొందవచ్చు. ఢిల్లీలో కుదిరింది విజయవాడలో ఎందుకు కుదరదో సెంట్రల్ డిస్కమ్ చెప్పాలి.

చిక్కు ఎక్కడంటే, ఒంటరిగా మీటరు అడిగిన కుటుంబానికి మరుసటి నెలే ఇల్లు ఖాళీ చేయమని కబురు వస్తుంది. మళ్లీ అడ్వాన్సు, మళ్లీ బోర్డుల వేట, బడి మారే పిల్లలు. ఆ ఖర్చు ముందు 810 రూపాయలే నయమనిపిస్తుంది. ఇది ఒక్కో ఇంటి ధైర్యానికి వదిలేయాల్సిన పని కాదు. విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు, ఇళ్లలో పనిచేసేవాళ్ల యూనియన్లు కలిసి ఒక వీధి నుంచి, ఒక వార్డు నుంచి గుంపుగా దరఖాస్తులు వేయించాలి. 200 యూనిట్ల రాయితీలో కాలనీ నివాసం షరతు తీసేసి, కుల ధ్రువీకరణ పత్రం ఉన్న అద్దెదారుకు నేరుగా ఇవ్వాలని సాంఘిక సంక్షేమ శాఖను అడగాలి. గ్యాస్‌కు ముందే డబ్బు కట్టే పద్ధతి పోవాలి.

విద్యుత్ నియంత్రణ మండలి ఏటా కొత్త టారిఫ్‌కు ముందు అభ్యంతరాలు పిలుస్తుంది, బహిరంగ విచారణ విజయవాడలోనూ జరుపుతుంది. పరిశ్రమల సంఘాలు, రైతు సంఘాలు, వామపక్షాలు అక్కడ పద్ధతిగా మాట్లాడతాయి. ఈసారి అభ్యంతరం రాసేవాళ్లు నాలుగు వివరాలు జతచేస్తే చాలు: పోర్షన్లో ఎంతమంది ఉంటున్నారు, సబ్‌మీటరు మీద యూనిట్‌కు ఎంత కడుతున్నారు, కుల ధ్రువీకరణ పత్రం నంబరు, అద్దె కట్టినట్టు ఫోన్‌పే రికార్డు. ఓనరు పేరు రాయనక్కర్లేదు.